గుమ్మడి గారు తనకంటే పెద్దవాళ్లకు తండ్రిగా ఎందుకు వేశారు?

ఈమధ్యే ‘అర్ధాంగి’ సినిమా చూశానని, అందులో అక్కినేనికి తండ్రిగా వేసిన గుమ్మడి గారు ఆయనకంటే చిన్నవారని విని నమ్మలేకపోయానని రాశారు మీరు. అది నిజమేనా, నిజమైతే ఆ వయసులో తండ్రి వేషాలు ఎందుకు ఒప్పుకున్నారు, దానివల్ల నష్టపోలేదా అని అడిగారు.

నిజమేనండీ. గుమ్మడి వెంకటేశ్వరరావు గారు 1927 జూలై 9న తెనాలి దగ్గర రావికంపాడులో పుట్టారు. అక్కినేని పుట్టింది 1924లో. ‘అర్ధాంగి’ వచ్చింది 1955లో. అంటే ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండని మనిషి, తనకంటే దాదాపు మూడేళ్లు పెద్దాయనకు తండ్రిగా వేశారు. భార్యగా వేసిన శాంతకుమారి గారు ఆయనకంటే ఏడేళ్లు పెద్ద. ‘మాయాబజార్’ వచ్చిన 1957 మార్చికి ఆయనకు ముప్పై నిండలేదు. అందులో ఆయన బలరాముడు. తమ్ముడు కృష్ణుడుగా వేసిన ఎన్టీ రామారావు గారు 1923లో పుట్టారు. ‘మహామంత్రి తిమ్మరుసు’ నాటికి, అంటే 1962కి, గుమ్మడికి ముప్పై అయిదు. రాయలు ఆయన్ను అప్పాజీ అని పిలుస్తుంటే మనకు ఎక్కడా అనుమానం రాదు.

ఎందుకు ఒప్పుకున్నారంటే, ఆయన పరిస్థితి అప్పటికి అలా ఉంది. 1950లో ‘అదృష్టదీపుడు’తో మద్రాసులో అడుగుపెట్టారు. ఆ తరువాత వేషాలు సరిగా రాలేదు, ఊరికి తిరిగి వెళ్లిపోదామనుకున్నారు. ఆగమని ధైర్యం చెప్పింది రామారావు గారే. తన సొంత సంస్థ తీసిన ‘పిచ్చి పుల్లయ్య’లో, ‘తోడు దొంగలు’లో మంచి వేషాలిచ్చారు. ఆ వెంటనే ‘అర్ధాంగి’ జమీందారు. అది బాగా పండింది. ఒక వేషం పండితే నిర్మాతలు మళ్లీ అదే వేషానికి పిలుస్తారు. పైగా మంచి పొడగరి, నెమ్మదైన గొంతు. పెద్దమనిషి వేషాలకు నాగయ్య గారు, ఎస్వీ రంగారావు గారు ఉన్నా, ఏడాదికేడాది పెరుగుతున్న సినిమాలకు వాళ్లిద్దరే చాలరు కదా.

ఇంతవరకు ఎవరైనా చెప్పేదే. అయితే తెల్ల విగ్గు పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ ముసలివాళ్లు అయిపోరు. ఆయన అది ఎలా చేశారన్నది నాకు ఒక నాటకం వల్ల తెలిసింది.

1986లో నాకు ఇరవై మూడేళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్లం. గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో వేయాల్సిన ఒక నాటకంలో, పొడుగ్గా ఉన్నానని నాకు తండ్రి వేషం ఇచ్చారు. రిహార్సల్ మొదటి రోజు నడుం వంచి, చేతులు వణికిస్తూ, మాటకో దగ్గు దగ్గాను. మా దర్శకుడు తెనాలి వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు. రెండు నిమిషాలు చూసి ఆపేశారు. “ముసలివాడు వంగడు నాయనా, ఆగుతాడు. రేపు పొద్దున నాతో రా” అన్నారు.

మర్నాడు మార్నింగ్ షోకి తీసుకెళ్లారు. పాత సినిమాలు తక్కువ రేటుకి ఆడించే రోజులవి. ‘తిమ్మరుసు’ వేస్తున్నారు. ఆయన నాకు చెప్పింది ఒక్కటే: గుమ్మడి మాట్లాడేటప్పుడు కాదు, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు చూడమని. అప్పటిదాకా నేను ఏ నటుడినీ అలా చూడలేదు. ఎవరైనా పిలిస్తే ఈయన తల వెంటనే తిప్పడు. ముందు విన్నట్టు కళ్లలో తెలుస్తుంది, ఆ తరువాతే మెడ కదులుతుంది. జవాబు చెప్పే ముందు చిన్న ఊపిరి తీసుకుంటాడు. వెన్ను మాత్రం ఎక్కడా వంగదు. కళ్లు పోయిన తిమ్మరుసు దగ్గరికి వచ్చేసరికి, ఆ కళ్లు కూడా లేకుండా గొంతుతోనే నడిపించాలి. నేను ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

బయటికొచ్చాక టీ తాగుతూ మాస్టారు ఇంకో మాట అన్నారు. “ఈయన పెద్దరికం ఆకాశంలోంచి తేలేదురా. మా వైపు అరుగుల మీద కూర్చునే పెద్ద రైతుల్ని చూసి పెరిగాడు. నువ్వూ మీ ఇంట్లో చూసుకో.”

ఆ వారమంతా మా నాన్నగారిని గమనించాను. ఆయనకప్పుడు యాభై రెండు. కుర్చీలోంచి లేవబోయే ముందు కుడి అరచేతిని మోకాలి మీద ఆనించి, ఒక్క క్షణం ఊరుకుని, అప్పుడు లేచేవారు. అదే తీసుకున్నాను. నాటకంలో కొడుకు ఇల్లొదిలి వెళతానన్నప్పుడు నేను లేచే ఘట్టం ఉంది. చెయ్యి మోకాలి మీద వేసి ఆగాను. హాలంతా నిశ్శబ్దం.

ఆ రాత్రి ఇంటికొచ్చి, స్పిరిట్ గమ్‌తో అంటించిన మీసం ఊడక అవస్థ పడుతుంటే నాన్నగారు కొబ్బరినూనె తెచ్చి తుడిచారు. తుడుస్తూ, “లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేశావే, అది నాదే కదరా” అన్నారు. అంతకు మించి నా నటన గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇక నష్టపోయారా అన్న ప్రశ్న. హీరో కాలేదన్న మాట నిజమే. కానీ సుమారు 500 సినిమాలు, 1977లో పద్మశ్రీ, ఎన్టీఆర్, ఏఎన్నార్ల నుంచి వాళ్ల తరువాతి తరం దాకా అందరికీ తండ్రి. నా ఉద్దేశంలో అసలు నష్టం వేరే జరిగింది. ‘నమ్మిన బంటు’ చూడండి, అందులో ఆయన దుర్మార్గుడైన జమీందారు. అదే నెమ్మది గొంతుతో భయపెడతాడు. బలరాముడు చూడండి, ముక్కుమీద కోపం, పొగిడితే పొంగిపోవడం, రెండూ ఒకే మనిషిలో. ఇంత చేయగలిగిన నటుడికి తరువాతి రోజుల్లో రచయితలు మంచి తండ్రి వేషం ఒకటే రాస్తూ పోయారు. మూడో రీలులో అప్పు, పదో రీలులో గుండెపోటు. ఇవాళ కుర్రాళ్లు ఆయన ఛాతీ పట్టుకుని కూలిపోయే ముక్కలు కోసి నవ్వుకోవడానికి పంచుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఆ సన్నివేశం ఆయన రాసుకున్నది కాదు. రాసిచ్చిన ప్రతిసారీ నిజాయతీగా చేశారు.

2010 జనవరిలో రంగుల ‘మాయాబజార్’ను ముందుగా వేసినప్పుడు ఆయన చూశారు. అదే నెల 26న హైదరాబాద్‌లో పోయారు. సినిమా 30న విడుదలైంది. విజయవాడలో నాన్నగారిని తీసుకుని వెళ్లాను. ఆయనకు అప్పుడు డెబ్భై ఆరు. బలరాముడు తెర మీదికి రాగానే నా చెయ్యి పట్టుకుని, “ముప్పై కూడా లేవురా ఈయనకి ఇక్కడ” అన్నారు. విశ్రాంతి అప్పుడు లేవబోతూ అరచెయ్యి మోకాలి మీద ఆనించారు. నేను ఆయన లేచేదాకా ఆగాను.