చెంప ఎముక విరిగింది, వాపు తగ్గిపోయింది.. ఇంకా ఆపరేషన్ అవసరమా?

ప్రశ్న: నా వయసు 27. ఎనిమిది రోజుల క్రితం బైక్ మీద నుంచి పడ్డాను. హెల్మెట్ ఉంది కానీ ముఖం కప్పే రకం కాదు. ఎడమ చెంప ఎముక విరిగిందని సీటీ స్కాన్‌లో తేలింది. వాపు చాలావరకు తగ్గింది. కానీ ఆ చెంప కాస్త లోపలికి పోయినట్టుంది. పై పెదవి, పై పళ్లు మొద్దుబారాయి, నోరు సగం కూడా తెరుచుకోవడం లేదు. ఒక డాక్టర్ ప్లేట్లు వేయాలన్నారు, ఇంకొకరు నెల ఆగి చూద్దామన్నారు. ఎవరి మాట వినాలి? ప్లేట్లు జీవితాంతం ఉంటాయా? ముఖం మీద మచ్చ పడుతుందా?

జవాబు: సూటిగా చెప్పేస్తాను, నెల ఆగకండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఎముక పక్కకు జరిగిందనే చెబుతున్నాయి, అలా జరిగిన ఎముక దానంతటది వెనక్కి రాదు.

వాపు తగ్గితే ఎముక కూడా సర్దుకుంటోందని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి నాలుగైదు రోజులు వాపే ఆ గుంటను నింపేసి చెంప మామూలుగా ఉన్నట్టు చూపిస్తుంది, అది దిగాకే అసలు ఆకారం బయటపడుతుంది. అందుకే మేం పేషెంట్‌ను కూర్చోబెట్టి, తల వెనక నిలబడి, రెండు చూపుడు వేళ్లూ రెండు చెంప ఎముకల మీద ఆనించి పై నుంచి కిందికి చూస్తాం. ఒక వేలు రెండోదాని కంటే లోపలికి దిగి ఉంటే తేడా వెంటనే తెలిసిపోతుంది. తర్వాత కంటి గూడు కింది అంచు వెంబడి వేలితో మెల్లగా తడుముతూ పోతే, విరిగిన చోట చిన్న మెట్టులా తగులుతుంది.

చెంప ఎముకను నాలుగు కాళ్ల స్టూలు అనుకోండి. ఒక కాలు నుదుటి వైపు, ఒకటి పై దవడకు, ఒకటి చెవి వైపు, ఇంకొకటి లోపల కంటి గూటి గోడకు ఆని ఉంటాయి. పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితే చెవి వైపు వెళ్లే సన్నటి వంపు ఒక్కటే లోపలికి నొక్కుకుపోవచ్చు. బైక్ ప్రమాదాల్లో ఎక్కువగా నాలుగు చోట్లా వదులై ఎముక మొత్తం ఒకే ముక్కగా వెనక్కి, కిందికి జరుగుతుంది. ఇంకా పెద్ద దెబ్బైతే ముక్కలు ముక్కలవుతుంది, దాన్ని నిలబెట్టడం అన్నిటికన్నా కష్టం. మీది వీటిలో ఏదో స్కాన్ చూడకుండా నేను చెప్పలేను. నోరు తెరుచుకోకపోవడానికి మాత్రం, కింది దవడ పైకొస ఆ వంపు కిందుగానే కదలాలి కాబట్టి, లోపలికి దిగిన ఎముక దానికి అడ్డు పడుతుండొచ్చు. దెబ్బకు కండరాలు బిగుసుకున్నా ఇలాగే ఉంటుంది కానీ అది రోజురోజుకూ కాస్త వదులవ్వాలి.

మొద్దుబారడం గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. చెంపకు, ముక్కు పక్కకు, పై పెదవికి స్పర్శ ఇచ్చే నరం కంటి కిందున్న చిన్న రంధ్రంలోంచి వస్తుంది, పగులు సాధారణంగా అక్కడి నుంచే పోతుంది. చాలామందిలో వారాల నుంచి నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి మాత్రం కొద్ది చోట అలాగే మిగిలిపోతుంది. మొద్దు ఒక్కటే ఉంటే ఆపరేషన్ చేయం. చెంప అణిగిపోవడం, నోరు తెరుచుకోకపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం, కన్ను లోపలికి పోయినట్టుండటం.. వీటిని బట్టే నిర్ణయం. ఎముక విరిగినా కదలకుండా ఉంటే మెత్తటి ఆహారం, ఆ వైపు పడుకోకపోవడం, మధ్య మధ్యలో చూపించుకోవడం, అంతే. మీ రెండో డాక్టర్ మిమ్మల్ని వాపు ఎక్కువగా ఉన్నప్పుడు చూసి ఉంటే ఆయన అలా అనడంలో ఆశ్చర్యం లేదు.

కొన్ని రోజులు ఆగడం మాకూ మామూలే, వాపు దిగితే పని తేలిక. కానీ రెండు వారాల లోపు సరిచేస్తే ఎముక బాగా మాట వింటుంది. మూడు వారాలు దాటాక వంకరగానే అతుక్కోవడం మొదలవుతుంది, నెలలు గడిస్తే దాన్ని మళ్లీ కోసి కూర్చోబెట్టాల్సి వస్తుంది. మీకు ఇప్పటికే ఎనిమిది రోజులు గడిచాయి. ఈ వారంలోనే మాక్సిలోఫేషియల్ సర్జన్‌కు (ముఖం, దవడ ఎముకల ఆపరేషన్లు చేసే డాక్టర్) స్కాన్ చూపించండి, రిపోర్ట్ ఒక్కటే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి. కంటి డాక్టర్ చేత చూపు పరీక్ష కూడా చేయించుకోండి, ఆపరేషన్‌కు ముందు అది తప్పనిసరి. ఒకవేళ కంట్లో నొప్పి పెరుగుతూ, కన్ను ముందుకు ఉబ్బుతూ, చూపు మసకబారితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లండి. కంటి వెనక రక్తం చేరితే గంటల్లో చూపు పోవచ్చు.

మచ్చ సంగతి. కోతల్లో ముఖ్యమైనది నోటి లోపల, పై పళ్ల చిగురు పైన ఉంటుంది, బయటికి కనిపించదు. అవసరమైతే కనుబొమ్మ చివరో పై రెప్ప ముడతలోనో ఇంకొకటి, కంటి గూడు అడుగు సరిచేయాలంటే కింది రెప్ప లోపలి వైపు నుంచి మరొకటి. వంపు ఒక్కటే నొక్కుకుపోతే చెవి పైన జుట్టులో చిన్న కోత పెట్టి, సన్నటి పరికరం లోపలికి పోనిచ్చి పైకి లేపుతాం. గిల్లీస్ అనే సర్జన్ 1927లో రాసిన పద్ధతి ఇది, నేటికీ వాడుతున్నాం, దీనికి చాలాసార్లు ప్లేటే అక్కర్లేదు.

ప్లేట్లు సన్నటి టైటానియంవి, ఎముక ఎంత కదిలిందన్న దాన్ని బట్టి ఒకటి నుంచి మూడు చోట్ల వేస్తారు. ఇన్ఫెక్షన్ రాకపోతే, చేతికి తగిలి ఇబ్బంది పెట్టకపోతే వాటిని అలాగే వదిలేస్తాం. తర్వాత ఎంఆర్ఐ తీయించుకోవడానికి కూడా సాధారణంగా ఇబ్బంది ఉండదు, ప్లేట్లున్నాయని ముందే చెప్తే చాలు.

ఈలోపు ముక్కు అస్సలు చీదకండి. చెంప ఎముక వెనకే గాలి నిండిన సైనస్ ఉంటుంది, దాని గోడ పగిలి ఉంటే చీదిన గాలి కంటి చుట్టూ చర్మం కిందికి ఎక్కి ఒక్కసారిగా ఉబ్బుతుంది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. ఆపరేషన్ అయ్యాక కూడా సుమారు రెండు వారాలు ఇదే నియమం. సిగరెట్ అలవాటుంటే ఆపండి, గాయం మానడానికి అదో అడ్డంకి. ముఖానికి దెబ్బ తగిలే ఆటలకు కనీసం ఆరు వారాలు దూరం, బైక్ మళ్లీ ఎప్పుడు తీయాలో మీ సర్జన్ చెప్తారు, ఈసారి గడ్డం దాకా కప్పే హెల్మెట్ కొనుక్కోండి.