‘లీగల్’ ప్యాకెట్, కంపెనీ యూరిన్ టెస్టు: తమ్ముడి గురించి అడిగినదానికి

అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. తమ్ముడికి శ్రీసిటీలో ఉద్యోగం, వచ్చే వారం మెడికల్. స్నేహితులు ఆన్‌లైన్లో తెప్పించిన ‘హెర్బల్’ ఆకు తాగుతున్నాడు. అది గంజాయి కాదు, లీగలే, టెస్టులో పడదు అంటున్నాడు. నమ్మొచ్చా అని.

ముందు ఆ ప్యాకెట్లో ఏముంటుందో చూద్దాం. ఆకు ఏదో మామూలు ఎండాకే. దాని మీద ల్యాబ్‌లో తయారైన రసాయనం చల్లి ఆరబెడతారు. స్పైస్, కే2 పేర్లతో విదేశాల్లో అమ్మింది ఇదే సరుకు. వీటిలో బాగా తెలిసిన జేడబ్ల్యూహెచ్-018 అమెరికాలో క్లెమ్సన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ హఫ్‌మన్ పరిశోధన కోసం చేసిన పదార్థం, ఆ మూడక్షరాలు ఆయన పేరువే. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ మెదడులోని సీబీ1 గ్రాహకాన్ని (మత్తు రసాయనం వచ్చి అంటుకునే చోటు) సగం సగంగా కదిలిస్తే, ఇవి పూర్తిగా కదిలిస్తాయి. పైగా చల్లింది ఆకంతా సమంగా పట్టదు. ఒక చిటికెలో ఏమీ ఉండదు, పక్క చిటికెలో నాలుగింతలు ఉంటుంది. నిన్న ఏమీ కానివాడు ఈరోజు అదే ప్యాకెట్‌తో పడిపోయేది ఇందుకే.

లీగల్ అన్నమాట సంగతి. ప్యాకెట్ మీద ‘అగరు’ అని రాసినా, ‘తినడానికి కాదు’ అని రాసినా చట్టం ఆ రాత చూడదు, లోపలున్న రసాయనం పేరు చూస్తుంది. జేడబ్ల్యూహెచ్-018, ఏఎమ్-2201 లాంటివి 2015లోనే అంతర్జాతీయ నియంత్రణ జాబితాకెక్కాయి. మన మత్తుపదార్థాల చట్టం, అంటే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం షెడ్యూల్లో ఉన్న సైకోట్రాపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థం దొరికితే 22వ సెక్షన్. తక్కువ మోతాదైతే ఏడాది వరకు జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. మోతాదు పెరిగితే పదేళ్ల వరకు, కమర్షియల్ (వ్యాపార స్థాయి) మోతాదైతే పది నుంచి ఇరవై ఏళ్లు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు, మిశ్రమంలో మత్తు పదార్థం ఎంతుందని విడదీసి చూడొద్దు, మొత్తం బరువు లెక్కేయమంది. గంజాయికి తక్కువ మోతాదు కిలో వరకు. ఆకు మీద చల్లిన రసాయనానికి ఆ కిలో లెక్క వర్తించదు, ఆ రసాయనానికి విడిగా పెట్టిన పరిమితే చూస్తారు. రసాయనం చిటికెడే ఉన్నా ఆకు బరువు కూడా అందులో కలుస్తుంది. విదేశం నుంచి పార్సిల్‌లో తెప్పిస్తే దిగుమతి కింద 23వ సెక్షన్ వేరే.

ఇక టెస్టు. మామూలు యూరిన్ స్ట్రిప్ వెతికేది టీహెచ్‌సీ శరీరంలో విడగొట్టుకున్నాక మిగిలే పదార్థాన్ని, మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల హద్దు దగ్గర. ఈ కృత్రిమ రసాయనాల నిర్మాణం వేరు కాబట్టి ఆ స్ట్రిప్‌కి తగలకపోవచ్చు. తమ్ముడు విన్నది ఈ సగమే. కంపెనీ శాంపిల్‌ని ఎల్‌సీ-ఎంఎస్ (రసాయనాలను విడదీసి గుర్తుపట్టే యంత్రం) ఉన్న ల్యాబ్‌కి పంపి విడి ప్యానెల్ (వెతకాల్సిన పదార్థాల జాబితా) అడిగితే వీటి శకలాలు కూడా కనబడతాయి, ఏ ప్యానెల్ కొన్నారో అభ్యర్థికి చెప్పరు. పైగా గుంపుగా ఉన్నప్పుడు మామూలు గంజాయి కలిపి తాగి ఉంటే స్ట్రిప్ మీదే పడుతుంది. టీహెచ్‌సీ కొవ్వులో చేరుతుంది. ఒకసారి తాగినవాడికి మూడు నాలుగు రోజులు, రోజూ తాగేవాడికి నెల దాటినా పోదు.

ఇంట్లోనే చూద్దామని మెడికల్ షాపులో కిట్ కొనేవాళ్లు ఒక తప్పు చేస్తారు. ప్రెగ్నెన్సీ కార్డులా చదువుతారు. ఇది దానికి తలకిందులు: సీ (కిట్ పనిచేస్తోందని చూపే గీత), టీ (టెస్టు గీత) దగ్గర రెండు గీతలూ వస్తే నెగెటివ్, టీ గీత ఎంత లేతగా ఉన్నా నెగెటివే. సీ ఒక్కటే ఉంటే పాజిటివ్. సీ కూడా రాకపోతే కిట్ పాడైనట్టు. కిట్‌లో చెప్పిన సమయానికే చదవాలి, అరగంట తర్వాత చూసింది లెక్క కాదు.

పొగ తాగకుండానే పాజిటివ్ వచ్చే సందర్భాలున్నాయి. శివరాత్రికి శ్రీకాళహస్తి వైపు ఎవరో ఇచ్చిన భంగు తాగినా, ఆయుర్వేదం పేరుతో ‘విజయ’ బిళ్లలు వాడినా టీహెచ్‌సీ వస్తుంది. విజయ అంటే భంగాకే. పూతకొమ్మ లేని ఒట్టి ఆకు ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి కిందికి రాదు గానీ, స్ట్రిప్‌కి చట్టం తెలియదు. ఎఫావిరెంజ్ (హెచ్‌ఐవీ మందు), పాంటోప్రజోల్ (గ్యాస్ మందు) మాత్రలకు కూడా తప్పుడు పాజిటివ్‌లు నమోదయ్యాయి. వాడుతున్న మందుల చీటీ శాంపిల్ ఇవ్వకముందే చూపించి, పాజిటివ్ వస్తే జీసీ-ఎంఎస్ అనే కచ్చితమైన ల్యాబ్ పరీక్షతో నిర్ధారణ అడగండి. ఆ పరీక్షలో హద్దు 15 నానోగ్రాములు.

ఉద్యోగం కన్నా నాకు భయం వేసేది వేరు. వాంతులు, గుండెదడ, ఫిట్స్, ఉన్నట్టుండి ఎవరినో చూసినట్టు భయపడటం మొదలైతే తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో తీసుకెళ్తారు. అక్కడ స్ట్రిప్ వేస్తే నెగెటివ్ రావొచ్చు. మీరు కూడా నోరు మెదపకపోతే డాక్టర్ మత్తు పక్కన పెట్టి వేరే జబ్బు వెతుకుతాడు, ఆ గంట పోతుంది. 2018లో ఇల్లినాయిలో ఇలాంటి సరుకులో ఎలుకల మందు బ్రోడిఫాకోమ్ కలిసి, తాగినవాళ్లకు రక్తం కారడం ఆగలేదు, కొందరు చనిపోయారు. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడుతుంటే డాక్టర్‌కి ఆ మాట ప్రత్యేకంగా చెప్పి, ప్యాకెట్ ఫొటో చూపించండి.

తమ్ముడు మానుకుంటానంటే 14446కి ఫోన్ చేయండి, నషాముక్త్ హెల్ప్‌లైన్. అమ్మేవాడి గురించి చెప్పాలంటే రాష్ట్ర ఈగల్ (మత్తుపదార్థాల మీద పనిచేసే పోలీసు విభాగం) నంబర్ 1972. వ్యసనపరుడు తానుగా చికిత్సకు వస్తే 64ఏ సెక్షన్ కింద 27వ సెక్షన్ (మత్తు వాడకం) కేసు నుంచి, తక్కువ మోతాదు కేసు నుంచి రక్షణ ఉంది. మధ్యలో చికిత్స వదిలేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు, కాబట్టి ఆసుపత్రి కాగితాలు మీ దగ్గరే పెట్టుకోండి.