వేసవి ఫెలోషిప్: ఉత్తరంలోని అంకె, జూన్ నెల ఖర్చు

మా నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి వచ్చి అమెరికాలో పర్యావరణ ఇంజనీరింగులో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం చదువుతున్న చెల్లెమ్మ ఒకరు రాశారు. విభాగంలో చేసే పనికి నెలనెలా జీతమిచ్చే తొమ్మిది నెలల అసిస్టెంట్‌షిప్ మే నెలతో ఆగిపోతుందట. వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చా, ప్రతిపాదనలో తమ ఊరి ఫ్లోరైడ్ నీళ్ల సంగతి రాయవచ్చా, ఫెలోషిప్ వస్తే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవలసిన అవసరం తప్పుతుందా అని అడిగారు. చివరి ప్రశ్నను మొహమాటంతో ఒక్క ముక్కలో ముగించారు. నా జవాబులో ఎక్కువ భాగం దానికే పోతుంది, ఎందుకంటే తక్కిన రెండింటికి మీ ప్రొఫెసరు కూడా జవాబు చెప్పగలరు, దీనికి చెప్పలేరు.

దరఖాస్తు తప్పకుండా చేయండి చెల్లెమ్మా. మీ విశ్వవిద్యాలయంలోని గ్రాడ్యుయేట్ స్కూలు ఇచ్చే వేసవి ఫెలోషిప్‌తో మొదలుపెట్టి, బయటి సంస్థలవి కూడా చూడండి. మీ రంగానికి దగ్గరగా ఉన్నది ఆస్ట్రియాలో వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్‌లోని ఐఐఏఎస్‌ఏ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1977 నుంచి నడుపుతున్న యువ శాస్త్రవేత్తల వేసవి కార్యక్రమం. పీహెచ్‌డీ విద్యార్థుల కోసమే నడిచే ఈ మూడు నెలల కార్యక్రమంలో నీరు, వ్యవసాయం, ఇంధనం వంటి విషయాల మీద పని ఉంటుంది, భారతదేశం ఆ సంస్థలో సభ్యదేశం కూడా. ప్రవాహాల గణితం మీద ఆసక్తి ఉన్నవారికి మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్‌లో 1959 నుంచి సాగుతున్న పది వారాల వేసవి కార్యక్రమం ఉంది. ఇలాంటి వాటి గడువులు చలికాలంలోనే ముగుస్తాయి కాబట్టి ఏప్రిల్‌లో వెతకడం మొదలుపెడితే మిగిలేది ఏమీ ఉండదు.

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవి మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగితే తెలుస్తాయి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు సొంత క్యాంపస్ దాటి డబ్బు తీసుకుని పని చేయాలంటే సాధారణంగా సీపీటీ అనుమతి, అంటే చదువులో భాగంగా బయట పని చేయడానికి ఇచ్చే అనుమతి కావాలి, అది సాధారణంగా ఒక పూర్తి విద్యాసంవత్సరం గడిచిన తరువాతే దొరుకుతుంది. ఆస్ట్రియాకు వెళ్లాలంటే రోజులు లెక్కపెట్టుకోండి: జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా 92 రోజులు అవుతాయి, యూరప్ దేశాల్లో కొద్దికాలం ఉండడానికి ఇచ్చే షెంజెన్ వీసా 90 రోజులకు మించి పనికిరాదు. తిరిగి రావడానికి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం, పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న వీసా ముద్ర ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను హాలియా దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చిన రోజుల్లో ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు కొనుక్కోవాలి, అడిగి తెలుసుకోవడానికి మన జిల్లావాళ్లు చుట్టుపక్కల ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పటి పిల్లలకు ప్రతి చిన్న సందేహానికీ ఒక వాట్సాప్ గుంపు ఉంది, దిగిన రోజే ఎయిర్‌పోర్టుకు వచ్చే సీనియర్లు ఉన్నారు. అందుకే మాకు ఆలస్యంగా తెలిసినవి మీకు ముందే తెలియాలని నా కోరిక. రెండో సంవత్సరం వేసవికి వేరే రాష్ట్రంలోని ఒక ప్రయోగశాల నాకు ఫెలోషిప్ ఇస్తున్నట్టు మార్చిలో ఉత్తరం పంపింది. అందులో ఒక అంకె ఉంది. దాన్ని మూడు నెలలకు పంచి చూసుకున్నాను, సరిపోతుందనిపించింది, ఆ రాత్రే బాపుకు ఫోన్ చేసి ఈ వేసవికి డబ్బు అవసరం లేదని చెప్పాను. ఆ మాట బాపు ఊళ్లో చాలామందికి చెప్పుకున్నారు.

ఆ డబ్బు ఏ తేదీన వస్తుందని నేను అడగలేదు. సగం నేను చేరిన తరువాత కాగితాలూ బ్యాంకు వివరాలూ సరిచూసుకుని ఇస్తారట, అది జూన్ చివరికి గాని రాలేదు. మిగతా సగం చివరి నివేదిక ఇచ్చాకే. విమానం టికెట్ నేనే కొనుక్కోవాలి, రసీదులు పంపితే తరువాత చెల్లిస్తారు. కొత్త ఊళ్లో గదికి అడ్వాన్సు, మొదటి నెల అద్దె వెంటనే కట్టాలి. పాత గది లీజు జులై చివరిదాకా ఉంది. వేసవికి ఆ గదిలో ఉంటానని నోటిమాటగా ఒప్పుకున్న అబ్బాయి చివరి వారంలో మనసు మార్చుకున్నాడు, ఇంటి యజమానితో రాతపూర్వకంగా ఏ ఒప్పందమూ లేనందున మరొకరిని పెట్టడానికి కూడా వీల్లేకపోయింది. రెండు ఊళ్లలో రెండు అద్దెలు, చేతిలో తక్కువ పరిమితి ఉన్న ఒక క్రెడిట్ కార్డు. జూన్ మొదటి వారంలో మళ్లీ కాలింగ్ కార్డు కొని బాపును డబ్బు అడిగాను.

మీ ఇంట్లో వ్యవసాయం ఉంది కాబట్టి జూన్ మొదటి వారం అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. మృగశిర కార్తె వస్తుంది, పత్తి విత్తనాలు, ఎరువులు, దున్నకం కూలి అన్నీ ఒకేసారి మీద పడతాయి. యాసంగి డబ్బు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. ఆ ఏడు మా బోర్లు అడుగంటి బత్తాయి తోట సగం ఎండింది. బాపు లేదనలేదు, రెండు రోజులు ఆగమన్నారు, డబ్బు పంపారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంపారని దసరాకు అక్క చెబితే గాని నాకు తెలియలేదు. నూటికి మూడు అంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. ఇక్కడి క్రెడిట్ కార్డు వడ్డీని చూసి మనం భయపడతాం, మన ఊళ్లో మన కోసం పెద్దవాళ్లు తెచ్చే అప్పు వడ్డీ దానికంటే ఎక్కువ ఉండవచ్చు. ఫెలోషిప్ రెండో సగం రాగానే ఇంటికి పంపాను, చలికాలం గడిచేలోపు మిగిలిన అసలూ వడ్డీ అసిస్టెంట్‌షిప్ సొమ్ములోంచి తీర్చేశాను. ఆ తరువాత నా చదువుకని ఇంటి నుంచి ఒక్క రూపాయి తెప్పించుకోలేదు. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. ఉత్తరంలో ఆరు వేల డాలర్లు అని ఉందనుకోండి. జీతంగా కాక ఫెలోషిప్‌గా ఇచ్చే డబ్బు నుంచి, ఎఫ్-1 మీద ఉండి పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్‌గా ఉన్నవారికి మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. అంటే 840 డాలర్లు పోగా 5,160 మిగులుతాయి. రెండు వాయిదాల్లో ఇస్తే మొదటిసారి చేతికి వచ్చేది 2,580. పట్టుకున్న పన్ను పూర్తిగా పోయినట్టు కాదు. మరుసటి ఏడు మార్చి మధ్యకల్లా ఎంత ఇచ్చారో, ఎంత పన్ను పట్టుకున్నారో చూపే 1042-ఎస్ అనే పత్రం వస్తుంది, దాన్ని పెట్టి 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్ను దాఖలు చేస్తే భారత విద్యార్థులకు భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో పన్ను పడని కొంత భాగం దొరుకుతుంది, ఆదాయం తక్కువగా ఉన్నవారికి చాలావరకు తిరిగి వస్తుంది. అయితే అది వచ్చే ఏటి వసంతంలో వచ్చే డబ్బు, ఈ జూన్ అద్దెకు పనికిరాదు. అసిస్టెంట్‌షిప్ ఉన్నందున మీకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండే ఉంటుంది. ఉద్యోగం లేకుండా ఫెలోషిప్ మాత్రమే తీసుకునే మీ స్నేహితులు ఎవరైనా ఉంటే దాని బదులు పన్ను లెక్కలకు ఇచ్చే ఐటిన్ నంబరుకు దరఖాస్తు చేసుకోమని చెప్పండి.

కాబట్టి ఒప్పుకుంటున్నట్టు జవాబు పంపే ముందు ఆ కార్యాలయానికి ఒక ఈమెయిల్ రాయండి. మొదటి వాయిదా ఏ తేదీన బ్యాంకులో పడుతుంది, పన్ను ఎంత పట్టుకుంటారు, టికెట్ వాళ్లే కొని పంపగలరా, వసతి క్యాంపస్‌లో ఇస్తే అద్దెను ఫెలోషిప్ లోంచి మినహాయించుకుంటారా, వేసవిలో ఆరోగ్య బీమా ఎవరు కడతారు అని అడగండి. సొంత విశ్వవిద్యాలయం ఫెలోషిప్ అయితే ఆ వేసవిలో క్రెడిట్లకు నమోదు కావాలా, వాటి ఫీజు ఎవరిది, ఫెలోషిప్ ఉండగా మీ ప్రొఫెసరు దగ్గర గంటల లెక్కన పని చేయనిస్తారా అన్నవి కూడా తెలుసుకోండి. డబ్బు గురించి అడిగితే చులకనగా చూస్తారేమోనని మన పిల్లలు వెనకాడతారు. పెద్దల ముందు పైసల మాట ఎత్తకూడదన్నది మన ఇళ్లలో నేర్పిన మర్యాద. ఇక్కడ ఆ ప్రశ్నలకు జవాబివ్వడానికే ఒక మనిషి జీతం తీసుకుంటూ కూర్చుని ఉంటారు, మీరు అడిగితే జవాబు వస్తుంది.

మే మధ్య నుంచి జూన్ చివరిదాకా ఆరు వారాల ఖర్చు, కొత్త గది అడ్వాన్సుతో సహా, మీ చేతిలో ఉండాలి. ఇప్పటి నుంచే ప్రతి నెలా అసిస్టెంట్‌షిప్ సొమ్ములోంచి కొంత వేరే ఖాతాలో వేయండి. కొన్ని చోట్ల తొమ్మిది నెలల జీతాన్ని పన్నెండు నెలలకు సర్ది ఇస్తారు, మీ విభాగంలో అడిగి చూడండి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు అత్యవసర స్వల్పకాలిక రుణం ఉంటుంది, వడ్డీ లేకుండానో నామమాత్రపు వడ్డీకో ఇస్తారు. నేను చదివిన చోట కూడా అది ఉండేదని చదువు ముగిసే ముందు తెలిసింది. గది వేరొకరికి ఇచ్చేటప్పుడు ఇంటి యజమాని అనుమతి రాతలో తీసుకోండి, వచ్చేవారు మన ఊరివారే అయినా ఒక నెల అద్దె ముందుగా తీసుకోండి.

ప్రతిపాదన విషయంలో మీ సందేహం న్యాయమైనదే. మన నీళ్ల గురించి తప్పక రాయండి, కాని బాధతో మొదలుపెట్టకండి. ఎంపిక సంఘంలో మీ రంగంవాళ్లు ఒకరిద్దరే ఉంటారు, తక్కినవారు చరిత్రో రసాయనమో చెప్పేవారై ఉంటారు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వంగిన కాళ్ల ఫొటోలు చూసి వాళ్లు జాలిపడతారు, ఆ జాలి మీ ప్రశ్న ఏమిటో వాళ్లకు చెప్పదు. మన జిల్లా పేరు ఈ శాస్త్రంలో ఇప్పటికే ఉందన్న సంగతి మీకు బలం. నాగపూర్ కేంద్రంగా ఉన్న నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది, ప్రపంచమంతా దాన్ని నల్లగొండ విధానం అనే పిలుస్తుంది, ఆఫ్రికా రిఫ్ట్ లోయ దేశాల్లో కూడా దాన్ని పరీక్షించారు. ఎక్కువ పటిక పట్టడం, అల్యూమినియం కలిసిన మడ్డి మిగలడం దాని లోపాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నా బోరు నీటితో పండే పంట, ఆ నీళ్లు తాగే పశువు అలాగే ఉన్నాయి. ఇక్కడి నుంచి ఒకే ఒక్క ప్రశ్న తీయండి, ఆ ఒక్క వేసవిలో కొలవగలిగినది. మడ్డిలోంచి ఫ్లోరైడ్ మళ్లీ ఎంత నీటిలోకి దిగుతుందన్నది అలాంటి ప్రశ్న. ఊరి పేరు ఒక్క వాక్యంలో, కొలత పద్ధతి ఒక పేరాలో, వేసవి చివరికి మీ చేతిలో ఏ పట్టిక ఉంటుందో చివరి పేరాలో చెప్పండి. సిఫారసు ఉత్తరం ఇచ్చేవారికి కనీసం నెల ముందు మీ చిత్తు ప్రతి ఇవ్వండి.

బడ్జెట్ పుటలో ఖర్చును తగ్గించి చూపకండి. తక్కువ అడిగితే త్వరగా ఇస్తారని మనవాళ్లు అనుకుంటారు. చాలా ఫెలోషిప్‌లలో మొత్తం ముందే స్థిరంగా ఉంటుంది, తగ్గించి అడిగినందుకు మార్కులు పెరగవు. ప్రయాణం, నమూనాల పరీక్ష ఖర్చు, అద్దె, బీమా అన్నీ ఉన్నవి ఉన్నట్టు వేయండి. మన ఊరి నుంచి నీటి నమూనాలు తెప్పించే ఆలోచన ఉంటే వాటి రవాణా ఖర్చు, అనుమతులకు పట్టే సమయం కూడా అందులో చూపండి.

ఒంటరితనం గురించి కూడా ఒక మాట అడిగారు. కొత్త ఊళ్లో మొదటి రెండు వారాలు అలాగే ఉంటుంది, చేతిలో అద్దె డబ్బు ఉంటే అది భరించగలిగేంతే ఉంటుంది, తరువాత పనిలో పడతారు.

ఫెలోషిప్ ఖాయమైన రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఉత్తరంలోని అంకె చెప్పకండి, పన్నూ అద్దే పోగా మిగిలేదీ, అది చేతికి వచ్చే తేదీ చెప్పండి. వానాకాలం పెట్టుబడికి ఏం చేస్తున్నారో నాన్నగారిని ఏప్రిల్‌లోనే అడగండి, జూన్‌లో అడిగితే ఆయన ఏమీ చెప్పరు. ఒప్పుకోలు ఈమెయిల్ పంపే ముందు ఉత్తరం నాకు పంపితే వాయిదాల తేదీలు నేనూ ఒకసారి చూస్తాను.