ప్రవాస కథల్లో భార్యాభర్తలు నిజంగానే అంత ఒంటరిగా ఉంటారా?

మీ ప్రశ్న ఇదీ: ఝుంపా లాహిరి ఇంగ్లిష్ కథల సంపుటి ‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’ చదివారు. అందులో పెళ్లయినవాళ్లే ఎక్కువ ఒంటరిగా కనిపించారు. నిజంగా అలా ఉంటుందా, కథ కోసం అలా రాశారా అని.

నేను 2011 డిసెంబర్‌లో, పెళ్లయిన రెండు నెలలకి, హెచ్-4 వీసా (హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద అమెరికాలోని ఒహాయో వచ్చాను. ఆ పుస్తకం మా ఇంటి దగ్గరి లైబ్రరీలో దొరికింది. అప్పట్లో నేను నడిచి వెళ్లగలిగిన చోటు అదొక్కటే. కాబట్టి నా జవాబు కాస్త పక్షపాతంగానే ఉంటుంది.

తొమ్మిది కథల్లో నన్ను వదలనిది మిసెస్ సేన్. భర్త యూనివర్సిటీలో లెక్కలు చెబుతాడు. ఆవిడ ఎలియట్ అనే పదకొండేళ్ల పిల్లాణ్ని బడి అయ్యాక చూసుకుంటుంది. నేల మీద పేపర్లు పరిచి, ఇండియా నుంచి తెచ్చుకున్న కత్తి ముందు కూర్చుని కూరలు తరుగుతుంది. అది ఎలా ఉంటుందో అమెరికా పాఠకులకి వర్ణించి చెప్పాల్సొచ్చింది గానీ, మనకైతే కత్తిపీట అంటే చాలు. మా వాళ్లింట్లో పెళ్లంటే వాడకట్టు ఆడవాళ్లంతా ఇలాంటివే పట్టుకొచ్చి, మేడ మీద గుండ్రంగా కూర్చుని, రాత్రంతా కబుర్లాడుకుంటూ 50 కిలోల కూరలు తరిగేవాళ్లని ఆ పిల్లాడికి చెబుతుంది. ఆ గోలకి అప్పట్లో నిద్ర పట్టేది కాదట. ఇక్కడేమో నిశ్శబ్దానికి పట్టట్లేదట.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. బయల్దేరేముందు మా అమ్మ నా సూట్‌కేసులో చిన్న కత్తిపీట పెట్టబోతే, ‘అక్కడెవరమ్మా కింద కూర్చుని తరిగేది’ అని నేనే తీసేసి, ఆ బరువుకి ఇంకో ఆవకాయ ప్యాకెట్ పెట్టుకున్నాను. మిసెస్ సేన్ పాపం కత్తిపీటైతే తెచ్చుకోగలిగింది. పక్కన కూర్చుని తరిగే నలుగురినీ ఎక్కణ్నుంచి తెచ్చుకుంటుంది?

మిస్టర్ సేన్ చెడ్డవాడేం కాదు, గమనించారా? చేపల కోసం తీసుకెళ్తాడు, డ్రైవింగ్ నేర్పిస్తాడు. కానీ అమ్మ, పిన్ని, పక్కింటావిడ, కాలేజీ ఫ్రెండు, వీళ్లందరి పనీ ఒక్క మనిషే చెయ్యాలంటే ఎవరివల్ల అవుతుంది? నా దృష్టిలో ఈ కథల్లోని ఒంటరితనం అక్కడ మొదలవుతుంది. మొగుడు మంచివాడా కాదా అన్నది తర్వాతి సంగతి.

మా ఇంట్లోనూ అంతే. పొద్దున 9 గంటలకి ఆయన ఆఫీసుకి వెళ్లగానే అమ్మకి ఫోన్ చేసేదాన్ని. చలికాలంలో అప్పుడు మన దగ్గర రాత్రి ఏడున్నర. ‘సీరియల్ అయ్యాక చెయ్యవే’ అనేది. (తప్పు ఆవిడది కాదు, రోజూ ఏం చెప్పుకుంటాం.) ఇక సాయంత్రం దాకా పోగైన మాటలన్నీ ఆయనకే. ఒకరోజు కిటికీలోంచి చూశాను. కారు వచ్చి ఆగింది, లైట్లు ఆరిపోయాయి, మనిషి మాత్రం దిగలేదు. పావుగంట అలాగే కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుని ఎంత టెన్షన్ పడ్డానో! అడగడానికి నాకు మూడేళ్లు పట్టింది. ‘నువ్వు రోజంతా దాచుకున్న మాటలు వినాలిగా. నా దగ్గర తిరిగి చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. కాసేపు ఊరికే కూర్చునేవాణ్ని’ అన్నాడు. ఆ పావుగంట ఎవరైనా కథగా రాస్తే బాగుండు. ప్రవాస కథల్లో మగవాళ్ల అలసట తక్కువే కనిపిస్తుంది.

డ్రైవింగ్ సంగతి కూడా చెప్పాలి. కథలో మిసెస్ సేన్‌కి స్టీరింగ్ అంటే భయం. ఒహాయోలో లైసెన్సు కావాలంటే అయిదు కోన్ల మధ్యలోంచి కారు ముందుకి తీసి, అలాగే వెనక్కి తేవాలి. నేను రెండుసార్లు కోన్ పడగొట్టాను. మూడోసారి పాసయ్యాను. కారొచ్చింది గానీ వెళ్లడానికి ఉద్యోగం లేదు. 2015 మే దాకా హెచ్-4 వాళ్లకి పని చేసే అనుమతే ఉండేది కాదు. తర్వాతైనా భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటితేనే ఇచ్చారు.

అయితే అన్నిటికీ పరాయి దేశాన్నే కారణంగా చూడకండి. అయిదు రోజులు రాత్రిపూట కరెంటు తీస్తామని నోటీసొచ్చిన కథ ఉంది చూడండి, శోభ, శుకుమార్‌లది. వాళ్లకి అమెరికా కొత్త కాదు. పురిట్లోనే బిడ్డని పోగొట్టుకున్న దుఃఖం వాళ్లని విడదీసింది. విజయవాడలో కాపురమున్నా అదే జరిగేది. కరెంటు పోతే అమ్మమ్మగారింట్లో తలా ఒకటి చెప్పాలనే ఆట శోభకి గుర్తొస్తుంది. మా డాబా మీద వేసవి రాత్రులు ఇలాగే గడిచేవి. మేం దయ్యాల కథలు చెప్పుకున్నాం, వీళ్లు ఒకరికొకరు చెప్పుకోని నిజాలు చెప్పుకున్నారు. నాకైతే చీకటి భయమే నయమనిపించింది.

మరి ఆశే లేదా అంటే చివరి కథలో మాల ఉంది. పెళ్లయ్యాక అయిదు రాత్రులు పక్కన పడుకుని ఏడ్చిన అమ్మాయి. తర్వాత బోస్టన్ వచ్చింది. మొగుడూ పెళ్లాల మధ్య మొదటి నవ్వు, 103 ఏళ్ల ఇంటి ఓనరు ముసలావిడ ముందు పుడుతుంది. ఇద్దరి మధ్యా మూడో మనిషి ఒకావిడ ఉందన్నమాట, అదీ తెల్లావిడ. నాకూ అలాగే జరిగింది. మా కింది పోర్షన్‌లో కొరియా ఆవిడ ఉండేది. ఒకరి ఇంగ్లిష్ ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆవిడ కిమ్చీ ఇచ్చేది, నేను ఆవకాయ ఇచ్చేదాన్ని, ఏది ఎక్కువ కారమో తేలేది కాదు. ఆవిడొచ్చాక మా ఆయన కార్లోంచి తొందరగా దిగడం మొదలుపెట్టాడు.

మళ్లీ చదివేట్టయితే ముందు మిసెస్ సేన్ కథ చదవండి. మాల కథ మాత్రం ఆఖరికే ఉంచుకోండి.