రంగులు మార్చే తలుపు

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

చెత్త సినిమాలను ఏకిపారేసే యూట్యూబ్ ఛానల్ పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంత చదివించింది ఇందుకా అని తను వాపోతుంటే, నాకు లోలోపల గర్వంగానే ఉంది. ఆ వెటకారం మన ఇంటి ఆస్తి. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మంచి మైకు కొనుక్కో. సినిమా ముక్కలు పొడుగ్గా వాడకు, 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. ఇంటర్వెల్‌కే లేచివచ్చి సమీక్ష రాసే నా అలవాటు నీకు వద్దు.

వారపత్రికలో రాసే రోజుల్లో ఒక చిన్న సినిమాకు వెళ్లాను. హీరో నీలం చొక్కాతో గుమ్మం ఎక్కి, ఆకుపచ్చ చొక్కాతో గదిలో అడుగుపెట్టాడు. హాలంతా గొల్లుమంది. నేల టికెట్టులో ఎవరో "ఇంకోసారి వెళ్లిరా నాయనా, ఎర్రది కూడా చూస్తాం" అని అరిచారు. నా సమీక్షలో అందరూ మెచ్చుకున్న వాక్యం అదే. అది నాది కాదని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. 'రంగులు మార్చే తలుపు' అని శీర్షిక పెట్టి పేజీ నింపాను.

రెండేళ్ల తర్వాత కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర ఒకతను పలకరించాడు. ఆ సినిమాకు కాస్ట్యూమ్స్ అసిస్టెంటట. గుమ్మం బయటి షాటు తీశాక డబ్బుల్లేక షూటింగ్ ఎనిమిది నెలలు ఆగిందట. అద్దె బాకీ కింద దుకాణంవాళ్లు నీలం చొక్కా పట్టుకుపోతే, అతను తన పెళ్లికి కుట్టించుకున్న చొక్కా తెచ్చి హీరోకు తొడిగాడు. నా రాతవల్ల దర్శకుడికి, నిర్మాతకు ఏమీ కాలేదు. ఇతనికి మాత్రం 'తలుపు' అని పేరు స్థిరపడింది. ఏ షూటింగుకు వెళ్లినా "తలుపు వచ్చాడా?" అనేవారట. నవ్వుతూనే చెప్పాడు. టీ డబ్బులూ తనే ఇచ్చాడు. సిగ్గులేకుండా ఇవ్వనిచ్చాను.

నవ్వవద్దని అనను. ఒంటరిగా చూస్తే తలనొప్పి తెప్పించే సినిమా పదిమందితో చూస్తే పండుగ. తీసినవాడు ప్రాణం పెట్టి తీశాడు కనుకే అంత నవ్వు వస్తుంది. 2014లో 'హృదయ కాలేయం' చూసి నేనూ పొట్ట పట్టుకున్నాను. అది వెక్కిరించింది మన సినిమా హీరోల ఆర్భాటాన్ని, చొక్కాలు మోసేవాణ్ణి కాదు. అమెరికాలో 1981 నుంచి గోల్డెన్ రాస్‌బెర్రీ పేరుతో చెత్త సినిమాలకు అవార్డులు ఇస్తున్నారు. 2022లో వాళ్లు హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్ కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. ఆయనకు మాట తడబడే జబ్బని ఇంట్లోవాళ్లు చెప్పాక ఆ అవార్డు వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాదే పన్నెండేళ్ల పిల్లను నామినేట్ చేసి మళ్లీ క్షమాపణ! నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల సంగతే అది. నీకు నోరు ఇంకా పదును, అదీ నా భయం.

మొదటి వీడియో విడుదల చేసేముందు నాకు చూపించు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఆ ఆకుపచ్చ చొక్కా సినిమా ఎక్కడైనా దొరికితే లింకు పంపు. ఈసారి చివరిదాకా చూస్తాను.

మీ మామయ్య