జెట్టీ స్తంభానికి పట్టిన పగడం

ప్రశ్న: అండమాన్‌లో అడుగున గాజు బిగించిన పడవలో తిరుగుతూ, పాత జెట్టీ సిమెంటు స్తంభాలకు పట్టి ఊగుతున్న మెత్తటి పగడాలను చూశాము. వాటిని ఎవరూ నాటలేదని పడవ నడిపే ఆయన చెప్పారు. కదలలేని ప్రాణులు అక్కడికి ఎలా చేరాయి? వాటిలో ఆడ, మగ ఉంటాయా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆయన చెప్పింది నమ్మదగినదే. రాతి పగడాల్లో అధిక జాతులు ద్విలింగులు, అంటే ఒకే ప్రాణిలో ఆడ, మగ రెండూ ఉంటాయి. మెత్తటి పగడాల్లో మాత్రం చాలావాటికి ఆడ కాలనీ (పాలిప్‌లు అనే చిన్న ప్రాణులు కలిసి పెరిగిన గుంపు) వేరు, మగ కాలనీ వేరు. ఒకదాని దగ్గరికి మరొకటి పోలేవు కనుక అండాలను, శుక్రకణాలను నీటిలోకే వదులుతాయి. రెండూ ఒకే వేళకు వదలకపోతే ఆ శ్రమంతా నీటిపాలే. తొలకరి వరదకు మన చెరువుల చేపలు ఎదురెక్కినట్లే, ఇవి నీటి వేడిమిని, చంద్రకళలను అనుసరిస్తాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఈ సామూహిక విడుదల వసంతం చివర, పౌర్ణమి దాటిన కొద్ది రాత్రులకు జరుగుతుంది. పుట్టగొడుగులా కనిపించే సార్కోఫైటాన్‌లో ఒక్క అండం పక్వానికి రావడానికి రెండేళ్ల దాకా పట్టవచ్చు; అందుచేత ఆడ కాలనీని కోసి చూస్తే ఈ ఏటి పెద్ద అండాలు, వచ్చే ఏటి చిన్న అండాలు పక్కపక్కనే కనిపిస్తాయి. జీనియా అనే మెత్తటి పగడం వంటివి అండాలను బయటికి వదలక, పిల్లలను తమలోనే పెంచి పంపుతాయి.

ఫలదీకరణ జరిగిన అండం ప్లానులా అనే నూగు డింభకమై (పిల్ల దశ) కొంతకాలం ఈది, సూక్ష్మజీవుల పొర కట్టిన గట్టి తలం దొరికితే అతుక్కుంటుంది. సిమెంటు దిమ్మెకైనా, మునిగిన ఓడకైనా ఆ పొర త్వరలోనే పడుతుంది.

ఎర్రసముద్ర తీరంలోని ఇజ్రాయెల్ పట్టణం ఎయిలాత్ దగ్గర కట్టడాలపై విరివిగా పెరిగే డెండ్రోనెఫ్తియా హెంప్రిచి అనే మెత్తటి పగడం సంగతి మరీ విచిత్రం. చాలా పగడాల్లో ఉండి వెలుతురుతో ఆహారం తయారుచేసే శైవలాల (సూక్ష్మమైన నాచు) తోడు దానికి లేదు, కాబట్టి వెలుతురుతో పని లేదు. ప్రవాహం మోసుకొచ్చే సూక్ష్మ ఆహారం చాలు, నిటారు స్తంభం దానికి అనువైన చోటు. అది ఏడాది పొడవునా అండాలు, శుక్రకణాలు విడుదల చేస్తుంది. అంతటితో ఆగక, వేళ్లవంటి మొలకలున్న చిన్న తునకలను తననుంచి తానే రాల్చుకుంటుంది. అవి కొత్త కాలనీలవుతాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. తునకలన్నీ తల్లి లింగానివే. ఒక స్తంభం నిండా ఆడవే ఉంటే, ప్రవాహానికి ఎగువన మగ కాలనీలు లేనప్పుడు, వదిలిన అండాలు వృథా. కాబట్టి ఇలాంటి స్తంభం, మునిగిన ఓడ వంటి కృత్రిమ దిబ్బపై పగడాలు దట్టంగా ఉన్నంత మాత్రాన అక్కడ సంతానోత్పత్తి సాగుతోందని నేను ఒప్పుకోను. పాలిప్‌లను కోసి, సూక్ష్మదర్శినిలో అండాలు, శుక్రకోశాలు రెండూ చూశాకే ఆ మాట అనాలి.