అన్నం ముందు నుంచి ఎందుకు లేచారు?

ప్రశ్న: మేడమ్, నా వయసు 40. డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. 2011 మొదట్లో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినప్పుడు ప్లేనోలో మా అక్కయ్య ఇంట్లో ఎనిమిది నెలలు ఉన్నాను. బావగారు 1999 నుంచీ ఇక్కడే. బాస్కెట్‌బాల్ చూడటం నాకు నేర్పింది ఆయనే. ఆ జూన్‌లో మా డాలస్ టీమ్ మావెరిక్స్ NBA (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఛాంపియన్లయిన రాత్రి ఇద్దరం సోఫా ఎక్కి గెంతాం. అప్పటినుంచి ప్రతి సీజన్ కలిసే చూశాం. ఈ 2025 ఫిబ్రవరిలో మా టీమ్ తన స్టార్ ఆటగాడు లూకా డాంచిచ్‌ని లాస్ ఏంజెలెస్ టీమ్ లేకర్స్‌కి ఇచ్చేశాక బావగారు టీమ్ మార్చేశారు, లేకర్స్ 77 జెర్సీ కొనుక్కున్నారు. నేను మారలేదు. ఈ సీజన్‌లో మా అబ్బాయితో ఆరు మ్యాచ్‌లకి వెళ్ళాను కూడా. ఏప్రిల్ 9న లూకా డాలస్‌లో ఆడి 45 పాయింట్లు కొట్టిన రాత్రి అందరం అక్కయ్య ఇంట్లోనే ఉన్నాం. "మీ టీమ్ ప్లే-ఇన్ కూడా దాటదు, వెస్ట్ మాదే" అన్నారు బావగారు. ప్లే-ఇన్ అంటే అసలు ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడే అర్హత మ్యాచ్‌లు, వెస్ట్ అంటే లీగ్‌లో పశ్చిమ సగం. 2023లో మయామి ఎనిమిదో సీడ్‌గా (తమ సగంలో ఎనిమిదో ర్యాంకుతో) ఫైనల్స్‌కి వెళ్ళలేదా అన్నాను నేను. మాటా మాటా పెరిగింది. చివరికి ఆయన "నీకు లెక్కలు ఎప్పుడొచ్చాయి గనక" అని నవ్వారు. పిల్లల ముందు ఆ మాట పడలేక అన్నం ముందు నుంచి లేచి వచ్చేశాను. అప్పటినుంచి మాటల్లేవు. 2017లో మేం ఇల్లు కొన్నప్పుడు ఆయన 20 వేల డాలర్లు సర్దారు, కొంత తిరిగి ఇచ్చాను. కాబట్టి ఇది డబ్బు గొడవ కాదు. మా ఇద్దరిలో ఎవరి వాదన సరైనది? టీమ్‌ని పట్టుకుని ఉండటం నా తప్పా? మే నెలాఖరులో మేనకోడలి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీ ఉంది, వెళ్ళాలా వద్దా?

జవాబు: మీ ఉత్తరం నాకు అంది, నేను జవాబు రాయడానికి కూర్చునేలోపే మీ మొదటి ప్రశ్నని ఆటగాళ్ళే తేల్చేశారు. మీ మావెరిక్స్ ప్లే-ఇన్‌లో సాక్రమెంటో మీద 120-106తో గెలిచి, రెండు రోజుల తర్వాత మెంఫిస్‌లో అదే 120-106తో ఓడింది. లూకాకి బదులు వచ్చిన ఆంథొనీ డేవిస్ 40 పాయింట్లు కొట్టినా లాభం లేకపోయింది. వెస్ట్ మాదే అన్న బావగారి లేకర్స్ మూడో సీడ్‌గా దిగి, మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో 4-1తో ఇంటిదారి పట్టింది. మే నెల వచ్చేసరికి మీ రెండు టీములూ మీలాగే ఇంట్లో కూర్చుని టీవీలో మ్యాచ్‌లు చూస్తున్నాయి. ఎవరి వాదన సరైనదని ఇంకా అడుగుతారా?

ఆట నాకూ ఇష్టమే, చూస్తాను. అందుకని రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. మీరు చెప్పిన మయామి కథ నిజమే. ఆ ఏడాది వాళ్ళు ప్లే-ఇన్‌లో మొదటి మ్యాచ్ ఓడి, రెండోది గెలిచి, ఎనిమిదో సీడ్‌గా వచ్చి మిల్వాకీని, న్యూయార్క్‌ని, బోస్టన్‌ని పడగొట్టారు. కానీ ఎనిమిదో సీడ్ ఫైనల్స్ దాకా వెళ్ళడం అంతకుముందు ఒక్కసారే జరిగింది, 1999లో న్యూయార్క్ వెళ్ళింది. రెండుసార్లూ ఫైనల్స్‌లో 4-1తో ఓడిపోయారు. ఒక్క మ్యాచ్‌లో ఎవరు ఎవరినైనా కొట్టవచ్చు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో నాలుగు గెలవాలంటే అదృష్టానికి కూడా ఆయాసం వస్తుంది. అలాగని బావగారి ధీమాకీ ఆధారం లేదు. 2007లో 67 మ్యాచ్‌లు గెలిచి దేశమంతా చప్పట్లు కొట్టించుకున్న టీమ్ మొదటి రౌండ్‌లోనే ఎనిమిదో సీడ్ చేతిలో పోయింది. ఆ టీమ్ ఏదో ఆయన్నే అడగండి. అప్పటికే ఎనిమిదేళ్ళుగా డాలస్‌లో ఉన్న మనిషి, ఆ రాత్రి మర్చిపోయి ఉండరు. అంతెందుకు, మొన్న డ్రాఫ్ట్ లాటరీలో (కొత్త ఆటగాళ్ళని ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే చీటీల్లో) నూటికి 1.8 వంతు అవకాశమున్న మీ టీమ్‌కే మొదటి ఎంపిక దక్కింది. ఇద్దరికీ చెరి సగం మార్కులు వేసి ఈ సంగతి ఇక్కడ కట్టేస్తున్నాను.

ఇప్పుడు మీ ఉత్తరం మళ్ళీ చదవండి. లూకా ఎన్ని పాయింట్లు కొట్టాడో రాశారు. మయామి ఏ ఏడు ఎన్నో సీడో రాశారు. జెర్సీ మీద నంబరు రాశారు. ఆరు మ్యాచ్‌లకి వెళ్ళానని లెక్క చెప్పారు. ఇరవై వేల డాలర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "కొంత" తిరిగి ఇచ్చారట. కొంత అంటే ఎంత? ఎప్పుడిచ్చారు, ఎప్పుడు ఆపేశారు? ఇన్ని అంకెలు గుర్తున్న మనిషికి ఆ ఒక్క అంకె రాయడానికి చెయ్యి రాలేదు. పైగా ఇది డబ్బు గొడవ కాదని నాకు మీరే ముందుగా చెప్పారు. నేను అడగలేదే!

"నీకు లెక్కలు ఎప్పుడొచ్చాయి గనక." బాస్కెట్‌బాల్ చూస్తూ ఒకరినొకరు ఇంతకంటే పెద్ద మాటలే అనుకుంటారు. పధ్నాలుగేళ్ళుగా మీరిద్దరూ అనుకునే ఉంటారు. ఆ రాత్రి ఆ ఒక్క మాటకి కంచం ముందు నుంచి ఎందుకు లేచారు? బావగారు అన్నది సీడ్‌ల లెక్క. మీకు వినిపించింది ఇంకో లెక్క. ఎనిమిదేళ్ళుగా ఆ మాట ఆయన నోటి నుంచి ఎప్పుడొస్తుందా అని లోపల ఎదురుచూస్తున్నట్టున్నారు. వచ్చింది, లేచిపోయారు. ఆయన ఆ అర్థంతోనే అన్నారో లేదో నేను చెప్పలేను. అనే ఉద్దేశం ఉన్న మనిషైతే ఇన్నేళ్ళు ఆగేవారు కాదని మాత్రం నాకు అనిపిస్తోంది.

ఇది అప్పుల మామూలు కథ అయితే నేను ఇంత రాయను. మీరు తీసుకున్నది అక్క ఇంటి నుంచి. తమ్ముడన్నవాడు పండక్కి అక్కకి చీర పెట్టాలి, ఆవిడ పిల్లలకి మేనమామ సారె తీసుకెళ్ళాలి. మీరేమో ఎనిమిది నెలలు ఆవిడ చేతి అన్నం తిని, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ ఆవిడ భర్త దగ్గరే చెయ్యి చాపారు. అవసరం అలాంటిది, తప్పని అనను. కానీ ఆ చిన్నతనం మీలో అలాగే ఉండిపోయింది. బావగారితో సమానంగా నిలబడి మాట్లాడగలిగిన చోటు ఒక్కటే మిగిలింది, ఆ సోఫా. అక్కడ మీరిద్దరూ ఒకే టీమ్. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ లేరు. ఫిబ్రవరిలో ఆయన లేచి వేరే జెర్సీ వేసుకునేసరికి ఆ చోటు కూడా పోయింది. మీ కోపంలో సగం ఇదే.

మిగతా సగం బావగారిది, దాన్ని మీరు అసలు చూడలేదు. ఆయన ఆ ఊరు వచ్చింది 1999లో. అప్పటికి డర్క్ నోవిట్స్కీ అనే ఇరవై ఏళ్ళ జర్మనీ కుర్రాడు, ఊరూ భాషా కొత్త, ఆట కుదరక తిట్లు తింటూ అదే టీమ్‌లో మొదటి సీజన్ ఆడుతున్నాడు. ఆ కుర్రాడు 21 సీజన్లు ఆ ఒక్క టీమ్‌కే ఆడాడు. పరాయి దేశంలో కాలు నిలదొక్కుకుంటున్న మనిషికి అలాంటివాడు ఎంత దగ్గరవుతాడో మీకు నేను చెప్పాలా? 2011 ఫైనల్స్ నాలుగో మ్యాచ్ అతను జ్వరంతో ఆడాడు. అది చూస్తూ బావగారు మీకేం చెప్పి ఉంటారో నేను ఊహించగలను. డర్క్ ఆఖరి సీజన్‌లోనే లూకా వచ్చాడు, ఇంకో దేశం నుంచి, పందొమ్మిదేళ్ళవాడు. వారసుణ్ణి చూపించి వెళ్ళినట్టు వెళ్ళాడాయన. ఆ లూకా 2024లో టీమ్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు. తర్వాత ఎనిమిది నెలలు తిరగకుండానే, ఇరవై అయిదేళ్ళ వయసులో, అతనికే ముందుగా ఒక్క మాట చెప్పకుండా పంపించేశారు. ఏప్రిల్ 9న డాలస్‌లో అతని పాత ఆటల వీడియో వేస్తే బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు.

అంత చేసినవాణ్ణి ఒక్క మాటైనా లేకుండా పంపేశారన్నది బావగారి బాధ అయి ఉండాలి. అదే రాత్రి, ఆయన ఇంట్లో, ఆయనకి ఎంతో కొంత బాకీ ఉన్న మీరు, టీమ్ వైపే నిలబడి వాదించారు. పోనీ మీరు ఎప్పుడైనా కూర్చుని ఆయనకి, "బావగారూ, ఆ రోజు మీరు లేకపోతే నేను లేను" అని ఒక్కసారైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట నాకు కనిపించలేదు. ఆరు మ్యాచ్‌ల ఫొటోలు మాత్రం ఆయన చూసే ఉంటారు. కొడుకుని మ్యాచ్‌కి తీసుకెళ్ళడం తప్పు కాదు. కానీ బాకీ ఉన్నవాడి సరదాలు ఇచ్చినవాడి కంటికి ఇంకోలా కనిపిస్తాయి. ఆయన మహానుభావుడైనా సరే.

బావగారి తప్పు లేదా అంటే, ఉంది. పిల్లల ముందు బావమరిదిని చిన్నబుచ్చడం పెద్దరికం కాదు. ఆయన నాకు రాసి ఉంటే ఆయనకి వేరే జవాబు రాసేదాన్ని. రాసింది మీరు.

ఇక చెయ్యాల్సింది. ముందు పాత బ్యాంకు కాగితాలు తీసి "కొంత" ఎంతో తేల్చండి. మీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకునే తేల్చండి, ఇది ఆవిడకి తెలియకుండా జరగకూడదు. ఉదాహరణకి ఇంకా 14 వేలు ఉందనుకుందాం, నెలకి 500 చొప్పున 28 నెలల్లో తీరిపోతుంది. మీ ఇద్దరి జీతాల మీద అది మోయలేని బరువు కాదనుకుంటాను. వచ్చే సీజన్ మ్యాచ్‌లు టీవీలో చూస్తే ఇంకా ముందే తీరుతుంది. మొదటి చెక్కు మీరే, మీ చేత్తో, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు ఇవ్వండి. అక్కయ్య చేతికిచ్చి పంపకండి. ఆవిడ ఇప్పటికే తమ్ముడికీ మొగుడికీ మధ్య నలిగి ఉంటుంది. ఆ రాత్రి మీరు వదిలేసిన కంచం తీసింది ఆవిడే కదా.

ఆయన వద్దంటారు. "మన మధ్య ఇవేమిటి" అంటారు, జేబులో తిరిగి పెట్టబోతారు. తీసుకోకండి. ఆయన మంచితనం చూసి మీరు ఆగిపోతే, ఇంకో ఎనిమిదేళ్ళ తర్వాత ఇంకో మాటకి ఇంకో కంచం ముందు నుంచి లేస్తారు. "మీకోసం కాదు బావగారూ, నాకోసం తీసుకోండి" అనండి. ఎనిమిది నెలల అన్నం సంగతి మాత్రం చెక్కులో కలపకండి. అది తీర్చేది కాదు. దానికి ఒక్క మాట చెప్తే చాలు. క్షమాపణ కూడా చెప్పండి, భోజనం దగ్గర లేచినందుకు మాత్రమే. మయామి గురించి వాదించినందుకు అక్కర్లేదు.

టీమ్‌ని పట్టుకుని ఉండటం తప్పా అన్నారు. కాదు. నేనైతే మీలాగే టీమ్‌తోనే ఉండేదాన్ని. కొందరు జెర్సీ ముందున్న పేరు వెంట వెళ్తారు, కొందరు వెనకున్న పేరు వెంట వెళ్తారు. దీనికి ఉత్తరం అక్కర్లేదు.

పార్టీకి వెళ్ళాలా వద్దా అని అడిగినందుకు మాత్రం నాకు కోపం వచ్చింది. మేనమామ లేకుండా మేనకోడలికి శుభకార్యమా? పార్టీ సాయంత్రం నలుగురితో పాటు వచ్చి నలుగురితో పాటు వెళ్ళిపోయే అతిథి కాదు మీరు. ముందు రోజే వెళ్ళండి, కుర్చీలు వెయ్యండి, ఐస్ తెచ్చిపెట్టండి. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ మిమ్మల్ని చూస్తోంది. ఆ రాత్రి మీరు తలుపు వేసుకుని వెళ్ళిపోవడం కూడా చూసింది. చెక్కు సంగతి అంతకుముందే అయిపోవాలి. పార్టీ రోజు, జనం మధ్యలో, గిఫ్టు కవర్లతో కలిపి ఇవ్వడం లాంటి తెలివితేటలు వద్దు.

జూన్ 5న ఫైనల్స్ మొదలవుతాయి. ఆ రాత్రి ప్లేనో వెళ్ళండి. ఏ టీములు వచ్చినా మీ ఇద్దరికీ పరాయివే, కావలసినంత సేపు వాదించుకోండి. వచ్చే ముందు అక్కయ్యకి ఫోన్ చేసి, అన్నం అక్కడే తింటానని చెప్పండి.